నెయ్యి వద్దన్న ఇంటికి అరిసెలు

మిఠాయి షెడ్డులో పని అంటే పాకం పట్టడం, ఉండలు చుట్టడం అనుకుంటారు. నా పని ఆ రెండూ కాదు. చేసిన మిఠాయి ఎవరింటికి పోవచ్చో, ఎవరింటికి పోకూడదో చెప్పడం నా పని. ప్రొద్దుటూరులో ఒక శెట్టిగారి దగ్గర చేతులు వణికేదాకా అదే చేశాను. నేను ఊ అంటే బుట్ట బండి ఎక్కేది. ఊహూ అంటే అది శెట్టి సొంత బావమరిది పెళ్ళికైనా సరే, కదిలేది కాదు.

ఇప్పుడు ఈ పనిలోకి చదువుకున్న పిల్లలు వస్తున్నారు. పెద్దమ్మా, ఏం చూడాలి, ఎట్లా చూడాలి అని అడుగుతున్నారు. ఒక్కొక్కరికీ చెప్పే ఓపిక లేదు, అందుకని రాస్తున్నాను. అక్షరాలు నాకు యాభై దాటాక వచ్చాయి, మనవరాలి పలక మీద. రాతలో తప్పులుంటే దిద్దుకోండి. విషయంలో తప్పుంది అనిపిస్తే మాత్రం నా దగ్గరికే రండి, తేల్చుకుందాం.

ముక్కు, నోరు

ఈ పనికి ముక్కు కావాలంటారు. ముక్కు అందరికీ ఉంటుంది. నోరే తక్కువమందికి ఉంటుంది.

పులివెందులలో ఒక పెద్దింటి పెళ్ళికి మేము మిఠాయి చేయడానికి పోయాం. నెయ్యి మాత్రం వాళ్ళే ఇస్తామన్నారు. డబ్బా మూత తీసి, వేలితో కొంచెం అరచేతిలో వేసుకుని రుద్దాను. మంచి నెయ్యి అరచేతి వేడికే కరిగి మాయమవుతుంది. ఇది మైనంలాగా పట్టుకుంది. వనస్పతి కలిసింది, దీంతో చేయం అన్నాను. పెళ్ళికూతురి మేనత్త నడుం మీద చేతులు పెట్టుకుని వచ్చింది.

"మా యింటి నెయ్యికి వంక పెట్టేదానికి నువ్వెవరు మే?"

"తినేవాళ్ళ తరపుదాన్నమ్మా" అన్నాను.

తొండూరు నుంచి వేరే నెయ్యి తెప్పించేదాకా పొయ్యి వెలగలేదు. తిరుగుదారిలో బస్సులో శెట్టి నా వైపు చూడకుండానే, నోరు కొంచెం తగ్గించుకో సుబ్బక్కా అన్నాడు. బస్సు దిగేటప్పుడు, ముక్కు మాత్రం తగ్గించొద్దు అన్నాడు. నేను చూసిన యజమానుల్లో ఆయన గొప్పతనం అదే. చిరాకు పడేవాడు, కానీ నా మాట మార్చేవాడు కాదు.

ఏకాదశి ఉండేవాళ్ళకు ధాన్యం కూడదు. బట్టల కొట్ల మార్వాడీ జైనులకు దుంపలు, తేనె కూడదు. కొందరు ముసలివాళ్ళు తెల్ల చక్కెర ముట్టరు, ఎముకల బొగ్గుతో తెల్లబరుస్తారని. ఇవన్నీ నాకు నోటికి వచ్చు. ఇంక నేర్చుకునేది ఏముందిలే అనుకుంటున్న రోజుల్లో జమ్మలమడుగు నుంచి ఒక పిలుపు వచ్చింది. ఈ పనిలో నేను అంత ఉత్సాహంగా గడిపిన వారం ఇంకొకటి లేదు. అందుకే మిగతా కథలు వదిలేసి దాన్నే చెప్తాను.

పత్తి సేటు ఇల్లు

కర్నూలు రాజధానిగా ఉన్న రోజులు. బొంబాయి కంపెనీ తరపున పత్తి కొనే సేటు ఒకాయన జమ్మలమడుగులో కాపురం ఉండేవాడు. యూదులు. ఊళ్ళో ఎవరికీ వాళ్ళను ఏ లెక్కలో వేయాలో తెలిసేది కాదు. సున్తీ చేస్తారు కాబట్టి సాయిబులని కొందరు, పేర్లు బైబిల్ పేర్లు కాబట్టి కిరస్తానీలని కొందరు అనేవాళ్ళు. సేటు భార్య రాహేలమ్మ. ఇరుగుపొరుగు ఆడవాళ్ళతో కలిసి మన తెలుగే మాట్లాడేది, మనకంటే మోటుగా.

ఆమెకు తొలిచూలు మగపిల్లాడు పుట్టాడు. వాళ్ళకు ఎనిమిదో రోజు సున్తీ, పెద్ద వేడుక. బొంబాయి నుంచి ఆమె తండ్రి వస్తున్నాడు. పత్తి వ్యాపారులందరికీ భోజనాలు. అందులో మిఠాయి మాది. శెట్టి నన్ను ముందుగా పంపాడు, వాళ్ళు ఏం తింటారో కనుక్కు రమ్మని. పురిటి గది గడప దగ్గర కూర్చున్నాను. ఎట్లాగూ ఇంటికి పోయి స్నానం చేయాల్సిందే, కాబట్టి తీరిగ్గానే కూర్చున్నాను.

రాహేలమ్మ మిఠాయి మాట ఎత్తకుండా తండ్రి సంగతి చెప్పింది.

"నా పెండ్లయినాక మా నాయన రెండుసార్లు వచ్చినాడక్కా. మా యింట్లో నీళ్ళు తప్ప ఏం ముట్టలేదు. ఈ సీమలో మన తిండి కట్టుబాటు నిలబడదు అంటాడు. ఈసారి గూడా తినకపోతే నన్నూ పిల్లోన్నీ బొంబాయికి తోడుకపోతాడు. మా ఆయప్ప ఎదురు చెప్పలేడు."

"నీకు పోవాలని లేదా?"

"పోతే పిల్లోడు ఆడ పెరుగుతాడు. వాళ్ళ నాయన ఏడాదికొకసారి వచ్చే చుట్టమైతాడు. నాకది వద్దు."

అప్పుడు అర్థమైంది. నేను చూడాల్సింది మిఠాయి కాదు, ఆమె కాపురం. కట్టుబాట్లు చెప్పమన్నాను. పిల్లాడు ఏడవడంతో ఆమె సగం చెప్పి, మంచివి, శుద్ధమైనవి అయితే చాలక్కా అంది. శుద్ధం అంటే మాకు తెలియదా అని నేను లేచి వచ్చేశాను.

మొదటి బుట్ట

రాహేలమ్మ తండ్రి, ముసలాయన, ముద్దనూరు స్టేషన్లో దిగి, జమ్మలమడుగు చేరిన రోజే శెట్టి నమూనా బుట్ట పంపాడు. ఆవు నెయ్యి లడ్లు, పైన వెండి రేకు అద్దినవి. అంతకంటే గొప్పది మా షెడ్డులో లేదు. బుట్టతో నేనే పోయాను.

ముసలాయన పొట్టిగా, తెల్ల గడ్డంతో, నల్ల టోపీతో ఉన్నాడు. లడ్డు చేతిలోకి తీసుకుని తినలేదు. గోటితో వెండి రేకు గీకి, హిందుస్తానీలో కూతురిని ఏదో అడిగాడు.

"ఈ వెండిని దేంట్లో పెట్టి కొడతారు అంటాండాడు" అంది రాహేలమ్మ.

కనుక్కుని చెప్తాను అన్నాను. రెండో ప్రశ్న, ఇందులో నెయ్యి ఉందా అని. ఉంది, అసలైన ఆవు నెయ్యి అన్నాను గొప్పగా. ఆయన లడ్డును బుట్టలో తిరిగి పెట్టాడు, మెల్లగా, అది ఏదో పసిదైనట్టు. అప్పుడు రాహేలమ్మ మిగతా సగం చెప్పింది. వేడుక భోజనంలో కోడి కూర ఉంటుంది, ఆయనే స్వయంగా కోస్తాడు. మాంసం తిన్న పూట వాళ్ళు పాలు, పెరుగు, నెయ్యి ముట్టరు. వండే గిన్నెలు కూడా వేరే. పురుగు, చీమ పడ్డది పనికిరాదు. అన్నిటికంటే మించి, పొయ్యి వాళ్ళవాళ్ళలో ఒకరు ముట్టించాలి.

మనకు శుద్ధి అంటే నెయ్యి. ఎంత నెయ్యి వేస్తే అంత శుద్ధి. మేమందరం ఆ ఒక్క నమ్మకంతో బుట్ట నింపాం. పరాయి మనిషి అంగిట్లోకి పోయేదాన్ని మన శుద్ధితో కొలవొద్దు. ఈ మాట పెద్ద అక్షరాలతో గోడ మీద రాసుకోండి.

ఖాదర్ మామ సుత్తి

ప్రొద్దుటూరుకు తిరిగి రాగానే వెండి రేకులు కొట్టే ఖాదర్ మామ దగ్గరికి పోయాను. ఆ సందులో ఆయన సుత్తి చప్పుడు పొద్దుట్నుంచీ సాయంత్రం దాకా వినపడేది. మేము ఆ చప్పుడుకు అలవాటు పడి, అది ఏమిటో చూడడమే మానేశాం.

దేంట్లో పెట్టి కొడతావు మామా అని అడిగితే కట్ట విప్పి చూపించాడు. పల్చటి పొరలు, పొరకూ పొరకూ మధ్య వెండి.

"ఎద్దు పేగు పొర. ఇంకేం తట్టుకుంటాది నా దెబ్బకు?"

"ఇన్నేండ్లూ చెప్పలేదేంది మామా?"

"అడిగితే గదా చెప్పేది. వెండి కల్తీనా, బరువెంత అని అడుగుతారు గాని, దేంట్లో కొడ్తాండావు ఖాదరూ అని ఒక్కరన్నా అడిగినారా?"

నేరుగా పోయి శెట్టికి చెప్పాను. ఆ రేకు అద్దిన మిఠాయి అమ్మవారి ఉత్సవాలకు కూడా పోయింది. ఆయన గల్లా పెట్టె మూత మూసేశాడు. కొట్లోవాళ్ళు ఖాదర్ మామను నిలదీద్దాం అన్నారు. శెట్టి వాళ్ళ మీద విసుక్కున్నాడు. ఆయన చాటుగా పూసినాడా, మనం కొని పూసుకున్నాం అన్నాడు. ఆ రోజు నుంచి మా మిఠాయి మీద వెండి మెరవలేదు. కొన్నవాళ్ళు గొణిగారు. కారణం అడిగినవాళ్ళకు నేను చెప్పేశాను. అడగనివాళ్ళ వెంటపడి చెప్పలేదు.

ఒక వస్తువు ఏమిటి అని అడిగితే సగం పని. అది దేన్ని తాకి వచ్చింది అని అడిగితేనే పూర్తి పని. ఈ పాఠం నాకు నేర్పింది, లడ్డు తినని ఆ ముసలాయన.

దాణా తిని పెరిగినావా సామీ?

మా వంటాయన నరసయ్య స్వామి. మడి కట్టుకుంటే ఆయన దగ్గరికి గాలి కూడా అడిగి రావాలి. పరాయింట్లో గుక్కెడు మజ్జిగ కూడా తాగి ఎరగడు. ఆయనకు సంగతంతా చెప్పాను. మాంసం ఉన్న భోజనం, నెయ్యి వద్దు, పాలు వద్దు, పొయ్యి వాళ్ళు ముట్టిస్తారు. వినేకొద్దీ ఆయన ముఖం ఎర్రబడింది.

"నెయ్యి లేకుండా చేసేది మిఠాయి కాదు మే, పశువుల దాణా."

"మీ అమ్మ అరిసెలు దేంట్లో కాల్చేది సామీ?"

"నువ్వుల నూనెలో."

"అయితే దాణా తిని పెరిగినావా?"

శెట్టి నవ్వు ఆపుకోలేక బయటికి పోయాడు. నరసయ్య స్వామి నవ్వలేదు గానీ, వేళ్ళు మాత్రం అప్పటికే కొలతలు వేస్తున్నాయి. బియ్యం, బెల్లం, నువ్వులు, గానుగ నూనె. ఇందులో పాలు లేవు, నెయ్యి లేదు, వెండి లేదు. నాకైతే గాల్లో తేలినట్టుంది. మనం పుట్టినప్పటి నుంచి తింటున్న అరిసె ఎక్కడి బొంబాయి యూదుల కట్టుబాటుకో సరిగ్గా సరిపోతోంది.

మిగిలింది పొయ్యి. మన మడిలో పరాయి చేయి పొయ్యిని తాకకూడదు. వాళ్ళ కట్టుబాటులో వాళ్ళ చేయి తాకకుంటే కుదరదు. ఇది తెగదు అన్నాడు శెట్టి. నేను నరసయ్య స్వామినే అడిగాను, నిప్పుకు మైల ఉందా అని. ఆయన ఆలోచించి, అగ్నికి అంటు లేదు, నిప్పు పెట్టి పక్కకు పోతే చాలు, పొయ్యి చుట్టూ గీత గీస్తా, అది దాటకూడదు అన్నాడు. కోడి కోసే ఇంట్లో కూడా అడుగు పెట్టను అన్నాడు. ముసలాయన కూడా మాంసం వండే చోట మిఠాయి వండకూడదు అనే అన్నాడు. ఇద్దరూ చెరో దారిన వచ్చి ఒకే చోట నిలబడ్డారు. సేటు ఇంటి వెనక పత్తి మిల్లు ఆవరణలో కొత్త పొయ్యి వేశాం. బాణలి కొత్తది, అరిసెలు వత్తే చెక్కలు కొత్తవి.

గీతకు అటూ ఇటూ

వేడుక ముందు రోజు మధ్యాహ్నం ముసలాయన వచ్చి పుల్ల గీసి పొయ్యి ముట్టించాడు. మెల్లగా వెనక్కి నడిచి గీత దాటి, కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. ఇక కదల్లేదు. నరసయ్య స్వామి ఆయన చెప్పు గీత మీద పడుతుందేమోనని చూస్తాడు. ముసలాయనేమో, నరసయ్య స్వామి పాత గిన్నె ఏదైనా తెస్తాడేమోనని చూస్తాడు. ఇద్దరి మధ్యా నేను. శెట్టి, సేటు మిల్లు గోడకు ఆనుకుని చూస్తున్నారు.

తడిపిన బియ్యం దంచి, పిండి జల్లించాం. బెల్లం నీళ్ళలో కరిగించి, కొత్త గుడ్డలో వడకట్టాం. గుడ్డ విప్పి చూశాను. చెత్త, ఇసుక, దాంట్లో ఒక చీమ.

బెల్లంలో చీమ ఉండడం మనకు వింత కాదు. వడకట్టేది అందుకే. కానీ ముసలాయన కళ్ళద్దాలు సరిచేసుకుని ఆ గుడ్డనే చూస్తున్నాడు. కుర్చీలోంచి లేచాడు. కళ్ళద్దాలు తీసి జేబులో పెట్టుకున్నాడు.

నేను ఎవరినీ అడగలేదు. బెల్లం నీళ్ళ గిన్నె ఎత్తి, తీసుకుపోయి దూరంగా నేల మీద పోసేశాను.

నరసయ్య స్వామి గరిటె పట్టుకుని నా మీదికి వచ్చినంత పని చేశాడు. "పిచ్చి గాని పట్టిందా మే నీకు? వడకట్టినాం గదా. ఆయన పారబోయమని అడగను గూడా లేదే."

"అడక్కముందే పారబోయల్ల సామీ. అడిగినాక పారబోస్తే అది భయం."

నా మాటలు ముసలాయనకు అర్థమయ్యే అవకాశం లేదు. నేలలోకి ఇంకుతున్న బెల్లం మాత్రం అర్థమైంది. కాసేపు దాన్ని చూశాడు, నన్ను చూశాడు. కళ్ళద్దాలు మళ్ళీ పెట్టుకుని కూర్చున్నాడు.

శెట్టి కొత్త బెల్లం తెప్పించాడు. ఈసారి ముసలాయన గీత దాకా వచ్చి చేయి చాచాడు. నేను నరసయ్య స్వామి వైపు చూశాను. ఎండు వస్తువుకు అంటు లేదులే, ఇయ్యి అని గొణిగాడు. బెల్లం అచ్చు ఒకటి ఇచ్చాను. ముసలాయన దాన్ని చేత్తో చిదిపి, వేళ్ళ మధ్య పొడి చేసి, వెలుతురుకు పట్టి చూసి, పళ్ళెంలో వేశాడు. తర్వాతది తీసుకున్నాడు. మూడోదానికి నరసయ్య స్వామి ఆగలేక గీత దగ్గరికి వచ్చి, ఇంకా సన్నగా చిదమమని చేత్తో చూపించాడు. ముసలాయన ఇంకా సన్నగా చిదిమాడు. నాకు పొట్టలోంచి నవ్వు తన్నుకొచ్చింది. పెద్దవాళ్ళు, ఆపుకున్నాను.

పాకం కుదిరింది. పిండి కలిపి, నువ్వులు అద్ది, ఆకు మీద వత్తి నూనెలో వేస్తే ఒక్కొక్కటీ పొంగి తేలింది. మిల్లు ఆవరణంతా ఆ వాసన. చెక్కల మధ్య వత్తి నూనె పిండి, తొలి వాయి పళ్ళెంలో పెట్టి ముసలాయన ముందుకు జరిపాను.

ఆయన ఒకటి తీసుకున్నాడు. తినలేదు. నరసయ్య స్వామి వైపు చూపించి సేటును ఏదో అడిగాడు. సేటు చెప్పడానికి తడబడ్డాడు. వండినాయన తన చేతి వంట తాను తింటాడా అని అడుగుతున్నాడు.

శెట్టి నేల చూపులు చూశాడు. పరాయి వాళ్ళ ఆవరణలో, పరాయి వాడు ముట్టించిన పొయ్యి మీద వండినది. నరసయ్య స్వామి తినడు అని ఆయనకూ తెలుసు, నాకూ తెలుసు.

నరసయ్య స్వామి చేతులు కడుక్కున్నాడు.

"నా వంట నేనే తినకపోతే ఇంగొకరిని తినమని యా మొగంతో అడిగేది?"

గీత లోపల, పొయ్యి పక్కన నిలబడి ఒక అరిసె పూర్తిగా తిన్నాడు. తిని, తల ఊపి, పాకం కొంచెం ముదిరింది అన్నాడు. ముసలాయన కళ్ళు మూసుకుని పెదవులు కదిలించి, తన చేతిలోది తిన్నాడు. రెండోది అడిగాడు. సేటు గోడ వైపు తిరిగి నిలబడ్డాడు. ఆయన భుజాలు కదలడం నేను చూడనట్టు నూనె గిన్నె సర్దుకున్నాను.

మరుసటి రోజు పంక్తిలో ముసలాయన అల్లుడి పక్కనే కూర్చుని, కోడి కూరతో, అరిసెలతో కడుపు నిండా భోంచేశాడు. నరసయ్య స్వామి మిల్లు గేటు దగ్గరే ఉండి, ఎన్ని తిన్నాడు అని నన్ను రెండుసార్లు అడిగాడు.

ఈ పనిలో ఉన్నవాళ్ళు, మేము కట్టుబాట్లు నేర్చుకున్నాం, చూడగలం అని మురిసిపోవద్దు. కట్టుబాటు ఎవరైనా నేర్చుకుంటారు. తినేవాడు ఆ కట్టుబాటును చూసుకోడు. నీకు తన కట్టుబాటు మీద అక్కర ఉందా లేదా అని చూస్తాడు. అది నోటితో చెప్తే నమ్మడు. చేతిలో గిన్నె ఉన్నప్పుడు నువ్వు ఏం చేస్తావో దాన్ని నమ్ముతాడు.

ముద్దనూరు బండి

మిగిలిన అరిసెలు డబ్బాలో సర్ది ఇవ్వడానికి వేడుక అయిన మూడో రోజు పొద్దున జమ్మలమడుగు పోయాను. వాకిట్లో జట్కా సిద్ధంగా ఉంది, ముద్దనూరు స్టేషన్‌కు. అందులో ఒక పరుపు చుట్ట, ఒక తోలు పెట్టె. ఇంకేమైనా ఎక్కిస్తారేమోనని చూశాను. ఎవరూ ఏమీ తేలేదు.

రాహేలమ్మ పిల్లాణ్ణి ఎత్తుకుని గుమ్మంలో నిలబడింది. ముసలాయన పిల్లాడి తల మీద చేయి పెట్టి ఏదో చెప్పుకుని, జట్కా ఎక్కి కూర్చున్నాడు. నేనిచ్చిన డబ్బా ఒళ్ళో పెట్టుకుని, నా వైపు వేలు చూపిస్తూ కూతురితో గట్టిగా మాట్లాడాడు. కోపం వచ్చిందేమో అనుకున్నాను.

"ఏమంటాండాడు?"

"పిల్లోనికి మూడో ఏడు తొలి వెంట్రుకలు తీసేటప్పుడు మళ్ళ వస్తాడంట. అంతవరకు మిల్లులో ఆ పొయ్యిని నువ్వూ, మీ సామీ తప్ప ఎవరినీ ముట్టనియ్యొద్దని చెప్తాండాడు. ముట్టనిస్తే ఊరుకోడంట."

జట్కా కదిలింది. అది వీధి మలుపు తిరిగేదాకా ఆమె చూసింది. తర్వాత పిల్లాణ్ణి ఆ భుజం మీది నుంచి ఈ భుజం మీదికి మార్చుకుని, రాక్కా, ఎండలో ఏం నిలబడతావు అంటూ తన ఇంట్లోకి పోయింది.